మౌనిక ఇచ్చిన నవల

ఆదివారం రాత్రి, చోడవరం

ఈ రోజు తమ్ముణ్ణి చెరకు గడతో కొట్టాను. చెవి పక్కన చిట్లి వాడి చొక్కా అంతా రక్తమైంది.

వాడి కూతురు మౌనిక ఇచ్చిన నవల కొన్ని రోజులుగా చదువుతున్నాను. పేపరు, పురాణాలు తప్ప ఎరగనివాణ్ణి. అందులో పేరులేని పిల్ల ఒకతె రాత్రుళ్లు గోడలకు మొలిచిన నోళ్లను రోకలితో పగలగొడుతుంది. అవి ఎవరి నోళ్లో, ఎందుకు మొలుస్తాయో చెప్పరు. కొట్టేకొద్దీ చేతికి హాయిగా ఉందని ఆ పిల్ల అనేచోట రోత పుట్టి, నిన్న మూసేశాను.

పొద్దున అరుగు మీద నా పక్కనున్న ఆ పుస్తకాన్ని తమ్ముడు తీసి చూశాడు. మొదటి పేజీలో మౌనిక పేరు కనబడగానే గుమ్మంలో ఉన్న దాని వైపు తిరిగాడు.

"ఏటే ఈ పిచ్చి రాతలు? కాలేజీకి పంపితే ఇయ్యా సదువుతన్నావు?"

"కథే కదా నాన్నా. పెదనాన్న కూడా సదువుతన్నాడు."

"మీ పెదనాన్నకి ముసిలితనంలో బుర్ర తిరిగింది. నీకేటొచ్చింది?"

జుట్టు పట్టుకుని దాని తలను గుమ్మానికేసి కొట్టాడు. మళ్లీ కొట్టబోతుంటే నేను గోడవారనున్న గడ అందుకున్నాను. మొదటి దెబ్బకే వాడు పడిపోయాడు. ఆ తర్వాతి దెబ్బలు ఎందుకు కొట్టానో తెలియదు. హాయిగా ఉంది. ఈ మాట ఇక్కడ తప్ప ఇంకెక్కడా అనలేను.

"ఆపు పెదనాన్నా, సచ్చిపోతాడు!" అంటూ మౌనిక వాడి మీద అడ్డంగా పడింది.

వాడికి కుట్లు వేయించి తెచ్చాక, సాయంత్రం నా గది దగ్గరికి వచ్చింది. నుదురు వాచి ఉంది. గుమ్మం దాటకుండానే చెయ్యి చాపి పుస్తకం అడిగింది.

"ఇంకా అయిపోలేదమ్మా" అన్నాను.

"నువ్వింక సదవకు పెదనాన్నా."