ఇనుప దిమ్మ ఏ తారీఖున తుపాకి అయింది

జిల్లా మేజిస్ట్రేటు గారి సముఖమునకు,

బోధన్ పట్టణంలో ముప్పై ఒక్క సంవత్సరాలుగా లేత్ మిషన్ పని చేసుకొని బ్రతుకుచున్న అయ్యూబ్, వయస్సు యాభై రెండు, ప్రజావాణిలో సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా షాపులో దొరికిన సగం చేసిన ఇనుప దిమ్మ ఏ తారీఖున తుపాకి అయినదో నిర్ణయించి తెలుపుట గురించి, నాపై కేసును, నా లేత్ మిషన్ జప్తును ఎత్తివేయుట గురించి, మరియు సదరు తుపాకిని దసరా నాడు ఎవరి చేతిలో ఉంచవలెనో ఉత్తర్వులిచ్చుట గురించి.

ఠాణా పేరు వ్రాయవద్దని వకీల్ సాబ్ చెప్పినారు గనుక వ్రాయలేదు. తమరికి తెలుసుకొనుట కష్టం కాదు.

1. నా లేత్ మిషన్ నేను పని చేసిన ఫ్యాక్టరీ మూతపడినప్పుడు వేలంలో తెచ్చుకొన్నది. చెరకు బండ్ల ఇరుసులు, బోరు మోటార్ల షాఫ్టులు, పసుపు పాలిష్ డ్రమ్ముల బుష్షులు నా పని. గిరాకి వచ్చి ఏం కావాలో చెప్పును. అదే మాట నేను తిరిగి అతనికి వినిపించి, గోడకున్న రేకు మీద చాక్‌పీసుతో వ్రాసుకొందును. ఎంత చెప్పితే అంతే చేయుదును. ఎక్కువ చేయను, తక్కువ చేయను. రేకు మీది మాట ఒక్కటి తప్పినదని ఈ ముప్పై ఒక్క సంవత్సరాలలో ఎవడైనా అంటే నా లేత్ జప్తు చేసుకొండి. అదెట్లాగూ చేసినారు.

2. గత ఫిబ్రవరి నెలలో రెంజల్ మండలం రైతు రాజేశ్వర్ గోనెసంచిలో చుట్టిన ఒక ఇనుప దిమ్మ తెచ్చినాడు. మంజీర అవతలి సంతలో ఎవరి దగ్గరనో కొన్నాడట. కొంత పని అయి ఉన్నది, కొంత కావలసి ఉన్నది. ఏమిటిదని అడిగితే పంపు సామానన్నాడు. నమ్మి మిషన్‌కు ఎక్కించి ఒక పూట పని చేసిన తర్వాత, ఇది పంపుకు సంబంధించినది కాదని నా చేతికి తెలిసింది. మిషన్ ఆపి, రాజేశ్వర్‌ను పిలిచి అడిగినాను.

"పందులు మందలు మందలు వస్తున్నయ్ భాయ్. డబ్బాలు కొట్టినం, పటాకులు పేల్చినం, చీరెలు కట్టినం. దేనికీ బెదరకపాయె. మక్క మొత్తం పండవెట్టినయ్, ఇంక చెరుకుల సొచ్చినయ్" అని రాజేశ్వర్ ఏడ్చినంత పని చేసినాడు. "సగం చేసినదానికి కేసు లేదంట. అమ్మినోడు సామాను అమ్మిండు. నువ్వు చేసేది లేత్ మీద ఖరాదు పని. ఇగ తుపాకి ఎవ్వడు చేసినట్టు? అమెరికాల గిట్లనే చేసుకుంటరంట, ఫోన్ల సూసిన."

"మరి దాంతోని కొడితే పంది సుత సగమే సస్తదా?" అని నేను అడిగినాను. రేకు మీద 'రాజేశ్వర్ - దిమ్మ - వద్దు' అని వ్రాసి, తీసుకొనిపొమ్మన్నాను. "ఉండనియ్ భాయ్, మనసు మారితే చేస్తవ్" అని వదిలిపోయినాడు. పదకొండు దినాలు అది నా అరుగు కింద పాత షాఫ్టుల నడుమ పడి ఉన్నది. నా తప్పు ఇంతవరకే. దానిని ఆ రోజే చెరువులో పారేయకపోవుట.

3. పన్నెండవ దినమున ఎస్సై భానుప్రసాద్ గారు నలుగురు సిబ్బందితో వచ్చి షాపు సోదా చేసి, నన్ను పట్టుకొని, షాపుకు సీలు వేసినారు. మరునాడు ఠాణాలో టేబులు మీద తెల్ల గుడ్డ పరిచి సదరు దిమ్మ, నేను నట్లు తిప్పు పానాలు, నా కొలబద్ద, రెండు ఆకురాళ్లు, నా భార్య వాజిదా మాంసం కోసుకొను కత్తి పేర్చి, ఆయుధాల కార్ఖానా పట్టుకొన్నామని పత్రికల వారికి చెప్పినారు. ఎస్సై గారు దిమ్మను రెండు చేతులతో ఎత్తి పట్టుకొన్న ఫోటో పేపరులో వచ్చినది. ఆ దినము నుండి మా గల్లీలో నా పేరు తుపాకుల అయ్యూబ్. ఒక ఇరుసు పని అడుగుటకు కూడ ఎవరూ నా గడప తొక్కలేదు.

4. విచారణ నిమిత్తం నా ఎడమ చేతి రెండు వేళ్లను టేబులు సొరుగులో ఉంచి సొరుగు మూయడమైనది. తర్వాత తెరవడమైనది. మరల మూయడమైనది. (ఇట్లా వ్రాయవద్దని ఈ అర్జీ వ్రాస్తున్న జ్యోతిరాణి మేడం అన్నారు. ఉన్నది ఉన్నట్టు వ్రాయమన్నాను.) ఆ రెండు వేళ్లు ఇప్పుడు వంగవు. ఎవరితో కలిసి చేసినావని అడిగినారు. ఎవరితోనూ చేయలేదని చెప్పితే మూసినారు. నేనే ఒంటరిగా చేసినానని చెప్పితే కూడ మూసినారు. ఏది చెప్పితే మూయరో నాకు ఈనాటికీ తెలియలేదు.

5. నలభై దినాల తర్వాత బెయిలు వచ్చినది. వారానికొకసారి ఠాణాలో సంతకం పెట్టవలెను. వకీల్ సాబ్ చెప్పిన ప్రకారం, చట్టంలో ఆయుధమనగా దాని భాగాలు కూడ, దానిని చేయు యంత్రాలు కూడ అని ఉన్నది. అట్లయితే ఇనుప దిమ్మ ఎంత వరకు ఇనుము? లేత్ మీద ఎన్నవ గీతకు తుపాకి భాగం? లేత్ మిషన్ ఆయుధమైతే బోధన్‌లో ఎన్ని ఆయుధాలున్నవో తమరు లెక్క పెట్టించగలరా? ఈ ప్రశ్న నేను వకీల్ సాబ్‌ను అడిగితే నవ్వినారు. ఎస్సై గారిని అడిగితే సొరుగు వైపు చూసినారు.

6. ఇక అసలు సంగతి. మే నెలలో హైదరాబాదు ల్యాబు వారు దిమ్మను వాపసు పంపినారు. అది అసంపూర్తిగా ఉన్నది, కాల్చి పరీక్షించుటకు వీలు లేదు, కావున ఆయుధమని చెప్పలేము అని చీటీ పెట్టినారు. అంటే నేను చెప్పినదే వారు కాగితం మీద చెప్పినారు. మరి నన్ను విడిచిపెట్టవలెను కదా, అయ్యా?

నేను సంతకానికి పోయిన దినమున ఎస్సై గారు నన్ను జీపులో నా షాపుకే తీసుకొనిపోయినారు. సీలు తీయించినారు. ల్యాబు సీలు కూడ నా కండ్ల ముందరనే చింపి, దిమ్మను నా లేత్ మీద పెట్టినారు.

"పూర్తి చెయ్ మియా" అన్నారు.

"ఇది చేసిన్ననే గద సార్ మీరు నన్ను కొట్టింది?"

"అప్పుడు చెయ్యలే, కొట్టిన. ఇప్పుడు చెయ్యకపోతే కొడ్త. పేపర్ల ఫోటో ఏసుకున్న నేను. అది తుపాకి కాదంటే నా ఇజ్జత్ ఏమైతది? చేసియ్యి, రిపోర్టు వస్తది, చిన్న సెక్షన్ వెట్టి నీ లేత్ నీకు ఇడిచిపెడ్త."

"ఎన్ని దెబ్బలకు చెయ్యాలె సార్?" అని నా అలవాటు కొద్దీ అడిగినాను.

"నన్ను నీ గిరాకి అనుకున్నవార? ఒక్క దెబ్బ పేలితే సాలు."

"ఒక్క దెబ్బ" అని నేను తిరిగి వినిపించి, రేకు మీద వ్రాసినాను: 'ఎస్సై సార్ - దిమ్మ - ఒక్క దెబ్బ'. ఆయన చూసి నవ్వినారు. ఆ వ్రాత ఈనాటికీ అట్లే ఉన్నది. రెండు వంగని వేళ్లతో మూడు దినాలలో పని పూర్తి చేసి ఇచ్చినాను.

7. ఎస్సై గారు దిమ్మను మరల పంపితే ల్యాబు వారు దానిని ఒక చట్రానికి బిగించి, దూరం నుండి తాడుతో లాగి, ఒక్కసారి కాల్చినారట. పేలినది. ఆయుధమేనని రిపోర్టు వచ్చినది. మొదటి చీటీ ఫైలులో కనబడుట లేదు. ఎస్సై గారు మాట తప్పి, ఆయుధం తయారు చేసిన సెక్షన్ కూడ చేర్చి, సెక్షన్‌కు తగ్గట్టు లేత్ మిషన్‌ను కూడ లారీలో వేసుకొని పోయినారు. ఫిబ్రవరిలో పట్టుబడిన తుపాకి మే నెలలో తయారైనది, అయ్యా. ఇది ఈ జిల్లాలో తప్ప ఎక్కడైనా జరిగినదా? రాజేశ్వర్ సర్కారు సాక్షి అయినాడు. తాను పంపు సామాను ఇస్తే నేనే తుపాకి చేసినానని సంతకం పెట్టినాడు. ఒకనాడు ఇంటికి వచ్చి "మాఫ్ చెయ్ భాయ్, నాకు పిల్లలున్నరు" అన్నాడు. మా వాజిదా వానిని చెప్పు తీసుకొని గల్లీ చివర దాకా పంపినది. మంచి పని చేసినది.

8. ఆ ఠాణాలో నన్ను మనిషిగా చూసినవాడు హెడ్ కానిస్టేబులు చంద్రయ్య ఒక్కడే. సొరుగు మూసిన రాత్రి నా వేళ్లకు తడిగుడ్డ కట్టినది ఆయన. సంతకానికి పోయినప్పుడల్లా చాయ్ పోయించును. పోయిన వారం చాయ్ తాగుతుండగా ఆయన చెప్పిన సంగతి వలననే ఈ అర్జీ.

"దసరాకు ఠాణాల ఆయుధ పూజ ఉంటది గద భాయ్. ఈసారి మనం వట్టిన తుపాకినే ముంగట వెడ్తరట. జమ్మి ఆకు పెట్టినంక గాల్లోకి ఒకటి కాల్చాలె. నువ్వే కాల్చు చంద్రయ్యా అన్నడు ఎస్సై సార్. ఇరవై ఆరేండ్ల సర్వీసుల నన్ను ముంగటికి పిలిచింది గిదే మొదటిసారి. మా ఇంటామె కొత్త డ్రెస్ ఇస్త్రీ చేయించి పెట్టింది" అని ఆయన మురిసిపోయినాడు.

ప్రార్థన:

క. దిమ్మ ఏ తారీఖున తుపాకి అయినదో వ్రాతపూర్వకముగా తెలుపగలరు. ఫిబ్రవరి అయితే ల్యాబు మొదటి చీటీ అబద్ధం. మే అయితే చేయించిన గిరాకి ఎవరో రేకు మీద ఉన్నది.

ఖ. నా లేత్ మిషన్ నాకు ఇప్పించగలరు. అది వానలో, ఠాణా వెనక, మీద కప్పు పట్టా కూడ లేకుండ ఉన్నది. దాని మీద మేకలు ఎక్కుచున్నవి.

గ. దసరా నాడు సదరు తుపాకిని హెడ్ కానిస్టేబులు చంద్రయ్య గాని, వేరే సిబ్బంది గాని ముట్టుకొనరాదని, కాల్చవలసి వస్తే ఎస్సై భానుప్రసాద్ గారే స్వయముగా పట్టుకొని కాల్చవలెనని ఉత్తర్వులు ఇవ్వగలరు. పేపరు ఫోటోకు పట్టుకొన్నవారే పూజకు కూడ పట్టుకొనుట న్యాయం.

ఈ అర్జీ ముట్టినట్టు నంబరు వేసిన రసీదు నాకు తప్పక ఇప్పించగలరు. రేపు నేను చెప్పలేదని ఎవరూ అనరాదు.

పేదవాని ఈ గోడును చిత్తగించి, ఆలస్యం లేకుండ దయచూపవలెను.

తమ విధేయుడు,
అయ్యూబ్,
లేత్ మిస్త్రీ (లేత్ ఠాణాలో ఉన్నది),
బోధన్.

తా.క.: అయ్యా, ఇంతదాక జ్యోతిరాణి మేడం రాసింది. ఇక్కడి సంది నా చెయ్యి. గిది రాయుమంటే మేడం కలం కింద పెట్టింది.

ఎస్సై సార్ ఒక్క దెబ్బ అన్నడు. నేను ఒక్క దెబ్బకే చేసిన. ఆ ఒక్కటి ల్యాబుల అయిపోయింది. ఇగ అది ఇంకోసారి పేలితే ముందటికి పోదు, ఎనుకకు వస్తది. పట్టినోని చేతులు ఉండయి. మొకం సుత ఉండదేమో. తెలిసే చేసిన. మూడు దినాలు ఒక్కొక్క గీతకు భానుప్రసాద్ సార్ చేతులనే తలుచుకుంట చేసిన. ఫోటోకు ఉరికినోడు కాల్చనీకి సుత ఆయనే ఉరుకుతడనుకున్న. చంద్రన్నకు ఇస్తడని నాకు ఎరుక లేకపాయె.

చంద్రన్నకు చెప్దామని మూడుసార్లు ఠాణాకు పోయిన. మూడుసార్లూ చాయ్ పోసిండు. తాగి వచ్చిన. చెప్తే ఆయన ఎస్సైకి చెప్పక తప్పదు, నౌకరి మనిషి. ఎస్సైకి తెలిస్తే మళ్ల సొరుగు. సొరుగు యాదికొస్తే నాకు నోరు లేస్తలేదు. వాజిదా అయితే "థూ, నీ రెండు వేళ్లకు చంద్రన్న రెండు చేతులు అగ్గువనా?" అని మొకం మీదనే అన్నది. రెండు దినాల సంది నాకు అన్నం పెడ్తలేదు.

అర్జీకి ముప్పై రోజుల గడువని కౌంటర్ల చెప్పిండ్రు. దసరాకు పది రోజులు లేవు. రసీదుంటే సాలు, నా మీదికి రాదు అనుకొనే రాయించిన ఇదంత. నిజం చెప్తున్న.

లేత్ వద్దయ్యా. కేసు ఉండనియ్యండ్రి, జైలుకు పోత. తారీఖు సుత అడుగ, ఏ రోజు తుపాకి అయితే నాకేంది. చంద్రన్న ఫోన్ నంబరు ఈ కాగితం ఎనుక రాసిన. మీ ఆఫీసుల ఎవరన్న ఒక్కరు ఫోన్ చేసి, దాన్ని ముట్టద్దని చెప్పుండ్రి. నేను చెప్పిన్నని సుత చెప్పుండ్రి.

రసీదు వద్దు.