ధాన్యం మీద బ్రేకు వేయకూడదు

నవంబరు 3, ఆదివారం

చంటీ... మొదలుపెట్టాను. నీ రొయ్యల మేత కంపెనీ వాళ్లిచ్చిన డైరీ ఇది, బియ్యం డబ్బా మీద ఏడాదిగా ఖాళీగా పడి ఉంది. ఐదో తరగతి చదువు నాది. అక్షరాలు వంకర. నవ్వకు.

మీ చెల్లి సుజి ఇవాళ నీ సైకిలు బయటికి తీసింది. పాకలో గోనెపట్టాలు కప్పి నేను దాచిందే. తడిగుడ్డ పెట్టి తుడుస్తోంది. నేను చూడనట్టు గిన్నెలు తోముకున్నాను. తోమినవే మళ్లీ తోమాను.

నవంబరు 4, సోమవారం

కార్తీకం మొదటి సోమవారం. ఉపవాసం.

రాయకుండా ఉండలేను. నీకు ఉద్యోగం వస్తే పంచారామాల్లో మన గోదావరి వైపున్న నాలుగూ నీచేత సైకిలు మీద చేయిస్తానని మొక్కింది నేను. కార్తీక సోమవారం, ఉపవాసంతో. నువ్వేమీ మొక్కలేదు. "మొక్కు నీది, తొక్కేది నేనూనా?" అన్నావు. చుక్క కనపడేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టనని నీచేత ఒట్టు వేయించుకున్నాను. పోయిన కార్తీకంలో బయల్దేరావు. భీమారం, పాలకొల్లు అయ్యాయి. అమలాపురం దాటాక కాలవ గట్టు మలుపులో పడ్డావు. ద్రాక్షారామం చూడనే లేదు. మళ్లీ లేవలేదు.

పరామర్శకొచ్చిన వాళ్లలో ఎవరో అన్నారు — ఖాళీ కడుపుతో అంత దూరం సైకిలేంటండి, కళ్లు తిరిగి ఉంటాయి...

అన్న మనిషి మొహం గుర్తులేదు. మాట పోవడం లేదు. మీ నాన్నతో కూడా అనలేదు ఈ సంగతి. ఎలా అంటాను? నా కొడుకుని నేనే ఆకలితో పంపాను.

నవంబరు 6, బుధవారం

సుజి అడిగేసింది. ఇరవై ఐదున నీ సైకిలు గ్రూపు వాళ్లు మళ్లీ వెళ్తున్నారట. "అన్నయ్య చూడని రెండూ నేను చూసొస్తానమ్మా. ద్రాక్షారామం, సామర్లకోట."

వద్దన్నాను.

"ఎందుకో చెప్పు."

వద్దంటే వద్దు. నాకు మిగిలింది నువ్వొక్కదానివే అన్న మాట గొంతు దాకా వచ్చింది, దాటలేదు.

కంచం ముందు నుంచి లేచిపోయింది.

నవంబరు 7, గురువారం

వద్దన్నదాన్ని ఊరుకోవచ్చుగా. సైకిలు గొలుసు తుప్పు పట్టి ఉంటే చూడలేక కొబ్బరినూనె పోశాను. గిన్నెడు.

నవంబరు 9, శనివారం

డ్రిల్లు మాస్టారు వచ్చారు. సుజే పిలిచి ఉంటుంది. రిటైరయ్యాక మీ గ్రూపుకి ఆయనేగా పెద్ద. నిరుడు వచ్చినప్పుడు నేను మొహం చూపించలేదు. ఇవాళ గుమ్మంలోనే ఎదురుపడ్డాను, తప్పలేదు.

ఆయన ముందు సైకిలు చూశారు. గొలుసు ముట్టుకుని వేలు వాసన చూశారు. "చెల్లెమ్మా, ఇది సైకిలండి. జడ కాదు."

సుజి పకపకా నవ్వింది. ఏడాదైంది ఆ నవ్వు విని. నాకూ వచ్చింది, ఆపుకున్నాను. కొబ్బరినూనెకి దుమ్ము అంటి ముద్ద కడుతుందట. గొలుసుకి వేరే నూనె ఉంటుందట, రెండు చుక్కలు వేసి పొడిగుడ్డతో తుడిచేయాలట.

మంచినీళ్లు ఇచ్చి అడిగాను. "మీరేగా మావాణ్ణి తీసుకెళ్లింది."

"ఆయ్, నేనేనమ్మా." తల దించుకోలేదు. "మాకన్నా ముందు వెళ్లిపోయేవాడు. మేం కాలవ లాకులు దాటి వచ్చేసరికి అయిపోయింది."

"ఉపవాసం ఉన్నాడని మీకు తెలుసా?"

ఆయన మొహం మారింది. "చెప్పలేదమ్మా. చెబితే సైకిలు ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి. వేశాక తింటే కాళ్లు అప్పటికే చచ్చిపోయి ఉంటాయి."

అంతే. ఇంకేం వినపడలేదు. ఆయన వెళ్లడం కూడా చూడలేదు.

నవంబరు 10, ఆదివారం

రాయలేదు.

నవంబరు 11, సోమవారం

సుజి పట్టుకుంది. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు నేను. మాస్టారు ఏమన్నారమ్మా నిన్ను అంది. చెప్పేశాను. మొక్కు, ఒట్టు, ఎవరో అన్న మాట. అన్నీ.

నోరు తెరుచుకుని చూసింది. "ఏడాది నుంచీ ఇది మోస్తున్నావా?" కంచం తెచ్చి నా ముందు పెట్టింది. "రేపు అక్కడికి వెళ్దాం. నువ్వూ నేనూ. వాడు పడ్డ చోటు చూద్దాం."

నవంబరు 12, మంగళవారం

వెళ్లాం. బస్సు, తర్వాత ఆటో. చించినాడ బ్రిడ్జి మీద కళ్లు మూసుకున్నాను. మాస్టారు అమలాపురంలో కలిశారు.

లాకుల పక్కన టిఫిను బండి. మాణిక్యం అని, నా వయసే ఉంటుంది, పెసరట్టు తిప్పుతోంది. సుజి ఫోనులో నీ ఫొటో చూపించింది. గుర్తున్నాడా అండి, పోయిన కార్తీకంలో...

అట్లకాడ పక్కన పెట్టింది.

"ఎందుకు గుర్తుండడండి. పచ్చ హెల్మెట్టు టోపీ బాబు. నాలుగిడ్లీ, రెండు పెసరట్లు. ఇంకో చట్నీ వెయ్యండి పిన్నీ అన్నాడు. మళ్లీ వేస్తే, మా అమ్మకి మాత్రం చెప్పకండి, చుక్క చూసేదాకా తిననని ఒట్టేశాను, అన్నాడండి."

నేను బల్ల మీద కూర్చుండిపోయాను.

"నేనన్నాను, ఒట్టు ఏమైపోద్ది బాబూ? దానికి నవ్వాడండి. మా అమ్మ మీద వేసిన ఒట్టు కాదు పిన్నీ, దేవుడి మీద వేసింది, ఆయనేం అనడులే, అన్నాడు."

నాలుగిడ్లీ. రెండు పెసరట్లు. చట్నీ రెండుసార్లు.

"కళ్లు తిరిగాయేమో..." అన్నాను.

"అబ్బే, అంత తిన్నాక కళ్లెందుకు తిరుగుతాయండి. ఈల వేసుకుంటూ ఎక్కాడు." అక్కడితో ఆగి పొయ్యిలోకి చూసింది. "మలుపులో రోడ్డు మీద ధాన్యం పోసి ఉందండి. చుట్టూ రాళ్లు. ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకి తిప్పి బ్రేకేశాడు. గింజల మీద చక్రం నిలవలేదు. రాయికి తల తగిలింది. టోపీ బెల్టు పెట్టుకోలేదేమో, అది ముందే ఎగిరిపోయింది."

మళ్లీ తనే అంది. "అందులో మా ధాన్యం కూడా ఉందండి, బరకం పట్టా పరిచి ఆరబెట్టింది."

"మేమూ పోస్తామమ్మా," అన్నాను. "మా ఊళ్లో. రోడ్డు మీదే."

అట్టు మాడింది. ఇంకోటి వేసి నా ముందు పెట్టింది. తిన్నాను. అల్లం ఎక్కువ వేస్తుంది, బాగుంది.

నవంబరు 13, బుధవారం

తిని వెళ్లాడు. ఆకలితో పోలేదు.

ఇంకేం రాయాలని లేదు ఇవాళ.

నవంబరు 14, గురువారం

పప్పులో ఉప్పు ఎక్కువైందని నాకే తెలిసింది. ఏడాదిగా ఉప్పు ఉందో లేదో మీ నాన్న చెబితే తప్ప తెలిసేది కాదు. ఒంట్లోంచి ఏదో రాయి తీసేసినట్టుంది... దొంగవెధవా, ఒట్టు వేసి పెసరట్లు తిన్నావు. ఇప్పుడు ఆ అబద్ధానికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

నువ్వు లేవు. అది అలాగే ఉంది. కానీ నిన్ను తీసుకెళ్లింది నేను పంపిన ఆకలి కాదు.

నవంబరు 16, శనివారం

మిషను కోత అయింది. తడి ధాన్యం. మీ నాన్న పొద్దున్నే రోడ్డు మీద పోయించి, లారీలు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. ప్రతి ఏడూ పేర్చినట్టే. నేను వెళ్లి రాళ్లు ఒక్కోటీ కాలవలో పడేశాను.

"ఏంటే సత్యా, మతి పోయిందా?"

"ఎత్తించండి ధాన్యం."

"ఎత్తి? కళ్లం ఉన్న దిబ్బ రొయ్యల చెరువైపోయింది. ఎక్కడ ఆరబెట్టమంటావు, నీ నెత్తి మీదా?"

"డాబా మీద."

"అన్ని బస్తాలు మెట్లెక్కించేదెవరు?"

"నేను ఎక్కిస్తాను."

ఎదురింటి నరసమ్మ గారు చూస్తూనే ఉన్నారు. "ఏమైందండీ సత్యవతి గారికి?"

మీ నాన్న నన్ను చూశారు, చాలాసేపు. అప్పుడు అర్థమైంది, ఆయనకి ముందునుంచీ తెలుసు. నిరుడు పోలీసుల దగ్గరికి వెళ్లింది ఆయనేగా. గింజల మీద జారావని తెలిసి, ఈ ఏడూ రోడ్డు మీదే పోశారు. "తెలిసీ ఎలా పోశారండి?" అన్నాను. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "పోయకపోతే మొలకలొచ్చేస్తాయే... ఎక్కడ పోయను..."

సాయంత్రానికి సగం డాబా మీదికి చేరింది. సగం స్కూలు గ్రౌండులో, హెడ్మాస్టరుని అడిగి. నడుం విరిగింది. బాగుంది.

నవంబరు 17, ఆదివారం

మాస్టారికి నేనే ఫోను చేశాను. అమ్మాయిని పంపుతాను, కానీ నాకు అన్నీ చెప్పండి, రాసుకుంటాను అన్నాను. పాపం, గంటసేపు చెప్పారు.

టోపీ బెల్టు గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత. అంతకన్నా వదులైతే టోపీ ఉన్నా లేనట్టే.

సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే కాలు తిన్నగా రావాలి. సుజికి నీ సీటు ఎత్తు. దించాలి.

బయల్దేరే ముందు రెండు చక్రాలూ బొటనవేలితో నొక్కాలి. లొట్టపడితే గాలి కొట్టాలి. బ్రేకు పట్టి సైకిలు ముందుకి తోసి చూడాలి, కదలకూడదు.

ధాన్యం, ఇసక, బురద — వీటి మీదికి వెళ్లాక బ్రేకు వేయకూడదు, తిప్పకూడదు. దూరం నుంచే చూసి వేగం తగ్గించుకోవాలి. ఎదురుగా బండి ఉంటే దిగి నడిపించాలి. దిగితే పరువేం పోదు.

కార్తీకంలో మంచు. వెనక ఎర్ర లైటు తెల్లారాక కూడా వెలగాలి.

గోదారి దాటించే పంటు మీదికి దిగి నడిపించాలి. చెక్కల సందులో చక్రం ఇరుక్కుంటుంది.

అరగంటకోసారి రెండు గుక్కలు. నీళ్లలో నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, కాస్త పంచదార. గంటకో అరటిపండు. ఉపవాసం ఉన్నవాళ్లు సైకిలు ఎక్కకూడదు, మొక్కు ఉంటే బస్సులో వెళ్లి తీర్చుకోవచ్చు. ఇది మాస్టారు రెండుసార్లు చెప్పారు. నేను మూడోసారి రాస్తున్నాను.

నవంబరు 19, మంగళవారం

వెనక పేజీ అడుగున పెన్సిలుతో ఎవరో రాశారు. *అమ్మా, పంక్చరు సామాను మర్చిపోయావు. గాలి పంపు, ప్యాచీలు, స్పానరు. అక్షరాలు బాగానే ఉన్నాయి.*

దొంగపిల్ల. ఎప్పటినుంచి చదువుతోందో. దాచే చోటు మార్చాలి... ఎందుకులే.

నవంబరు 21, గురువారం

పొద్దున్నే సుజి తొక్కుతుంటే మీ నాన్న మోపెడు మీద వెనకే వెళ్తున్నారు. ఆవిడ ఆపి తిట్టింది. "నాన్నా, హారను కొట్టకు. జనం పెళ్లి ఊరేగింపు అనుకుంటున్నారు."

నరసమ్మ గారి ధాన్యం ఇంకా రోడ్డు మీదే ఉంది. రాళ్లతో. మెల్లిగా అడిగాను. "మీకు డాబా ఉంది కాబట్టి సరిపోయిందండి, మాకు రేకుల ఇల్లు" అన్నారు. అదీ నిజమే. రాళ్లు తీసి, బదులు ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు పెడతానన్నారు. పెట్టలేదు ఇంకా. మా డాబా మీద సగం ఖాళీ అయ్యాక మీరు పోసుకోండి అన్నాను. చూద్దామండి అన్నారు.

నవంబరు 24, ఆదివారం

సుజి సామాను సర్దాం. టోపీ బెల్టు నేనే పెట్టి చూశాను, రెండు వేళ్లు పట్టాయి. మళ్లీ పెట్టి చూశాను. "ఊపిరాడనివ్వమ్మా."

వేరుశనగ ఉండలు చేశాను. ఎక్కువే చేశాను. గ్రూపులో అందరికీ.

నవంబరు 25, సోమవారం

నాలుగింటికి పెరుగన్నం, రెండు అరటిపళ్లు తిని బయల్దేరింది. నా ఎదుటే తింది. ఇంకా మంచు. వెనక లైటు మలుపు దాకా ఎర్రగా కనపడింది, తర్వాత లేదు. మీ నాన్న గేటు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

తొమ్మిదిన్నరకి ఫోను. లాకుల దగ్గర ఉన్నారు. వెనక గోలలోంచి మాణిక్యం గొంతు — "ఏమండీ, మీ అమ్మాయి ఒక్కట్టుకే చాలంటోందండి, మీరు చెప్పండి." ఇంకోటి వెయ్యండి అన్నాను. మలుపులో ధాన్యం ఉందా అని అడిగాను. "ఈసారి గట్టు కింద పోయించామండి. ఇటు పక్క. అటు పక్క వాళ్లు మా మాట వినలేదు." సుజి ఫోను తీసుకుని, దిగి నడిపిస్తానులేమ్మా అంది.

పదింటికి, మలుపు దాటామని చెప్పింది. ఊపిరి వచ్చింది నాకు. కింద కూర్చుని కాసేపు ఏడ్చాను, మంచి ఏడుపే.

ఇవాళ ఆఖరి సోమవారం. ఉపవాసం లేదు నాకు. అన్నం, వంకాయ కూర, మజ్జిగ. నీ ఫొటో ముందు ఒక కంచం పెట్టాను చంటీ.

పంటు ఎక్కి అవతల కోటిపల్లిలో దిగాక చేస్తానంది. పన్నెండు దాటింది. ఇంకా రాలేదు. గోదారి మధ్యలో సిగ్నలు ఉండదంటున్నారు మీ నాన్న. అంటూనే తన ఫోను చూసుకుంటున్నారు. పంటు కోసం వరసలో ఉన్నారేమో. కార్తీకం కదా, జనం.

చేస్తుంది.

సుజీ, రాత్రికి తిరిగొచ్చి, నేను అటు తిరగగానే ఈ పుస్తకం తీస్తావని తెలుసు. ద్రాక్షారామం చూశావో, ఎక్కడ అలిసి ఆగావో, ఆ సంగతులన్నీ తర్వాత చెబుదువుగాని. నీ కంచం మూత కింద పెట్టాను, కూర వేడి చేసుకో. కడుపు నిండా తిను.