ఎండ లేని జాబితా

సహోదరుడు లోవెల్‌కు, ప్రభువు నీకు కనికరం నేర్పుగాక.

మా పెరట్లో బట్టలారేసే తాడు కాలనీ అందం చెడగొడుతోందని, కాలనీవాసుల సంఘం అధ్యక్షుడిగా నోటీసు పంపావు. కరెంటు తక్కువ తాగే, బట్టలారబెట్టే డ్రయ్యర్ల జాబితా కూడా జతచేశావు. తాడు తీసేశాను. అన్నిటికంటే తక్కువ తాగేదే చూసి కొన్నాను. మంచివాళ్లకీ చెడ్డవాళ్లకీ దేవుడు ఒకేలా ఇచ్చిన ఎండ మాత్రం నీ జాబితాలో లేదు.

"దుప్పట్లేం పాపం చేశాయయ్యా? వాటినీ పశ్చాత్తాపపడమంటాడేమో నీ శిష్యుడు!" అని నా భార్య వెర్నా నవ్వింది. కానీ పక్షవాతం వచ్చిన ఆమె కుడిచెయ్యి ఇప్పుడు రోజంతా ఒడిలోనే పడి ఉంటోంది. బట్టలారేయడమే దానికి వైద్యం.

తాడు మళ్లీ కట్టుకోనివ్వు. ఏటిలో నేను నీకు బాప్తిస్మమిచ్చిన రోజు గుర్తుందా? పక్షవాతం తర్వాత వెర్నా చెయ్యి మొదటిసారి పైకి లేచింది నీ తడిచొక్కా ఆరేయడానికే.