పులి తోక తొక్కిన అత్తయ్య

అక్టోబర్ 17, 1988. సోమవారం

బడికి దసరా సెలవులు. మరిది రత్నం బెజవాడ నుంచి దిగాడు. "అమ్మా, వదినా, నాతో రండి. నా రైల్వే క్వార్టర్సు చూసినట్టుంటుంది, దసరా చూసినట్టుంటుంది."

అత్తయ్య వెంటనే — "క్వార్టర్సు చూస్తా. దసరా నాకెందుకురా?"

మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. పెళ్ళి ఊరేగింపులో పిల్లలు బ్యాండుకి కాలు కదిపినా చెవి మెలిపెడుతుంది. డప్పుకి ఆడినవాళ్ళకి ప్రభువు బల్ల లేదు — మిషన్ దొరల నాటి కట్టుబాటు. అందరూ లేచి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే వాళ్ళు బెంచీ మీదే కూర్చోవాలి. అత్తయ్య బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచీ ఒక్క నెల బల్ల తప్పలేదు. జ్వరంలో కూడా రగ్గు కప్పుకుని వెళ్ళింది.

నాకేమో చిన్నప్పటి నుంచీ బెజవాడ దసరా చూడాలని. ఈయన నా మొహం చూసి — "పో, పత్తికి మందు కొట్టించే పని నేను చూసుకుంటాలే." బంగారం!

అక్టోబర్ 18

సంఘ పెద్ద దేవసహాయం గారు వచ్చి ప్రార్థన చేశారు. "అక్కడ వేషాలు, చిందులు… కిటికీలు మూసుకోండి వదినా. నేను గుంటూరు మా చెల్లెలింటికి పోతున్నా, ఆదివారానికి వస్తా." అత్తయ్య ప్రతి మాటకీ ఆమెన్ అంది. నేను లోపల చీరలు సర్దుతూ నవ్వు ఆపుకున్నా.

అక్టోబర్ 19

రైల్లో కృష్ణ దాటాం. అత్తయ్య కిటికీ ఊచలు పట్టుకుని — "ఇన్ని నీళ్ళా! ఇందులో ఒక్క పాయ మన మిరప చేలోకి వస్తే…" వంతెన అయిపోయినా వెనక్కే చూస్తోంది.

క్వార్టర్సులో రైలు వెళ్ళినప్పుడల్లా గిన్నెలు గలగలా. సాయంత్రం ఎక్కడో దూరంగా డప్పులు. అన్నం వారుస్తున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. గంజి కాలి మీద పడ్డా చూసుకోలేదు.

తర్వాత చెప్పింది. వాళ్ళ నాన్న డప్పు కొట్టేవాడట. ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్న రోజు దొరలు ఆ డప్పుని పొయ్యిలో పెట్టించారట. "తోలు కాలిన వాసన… నాన్న ఆ పూట అన్నం తినలేదు." ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పని మాట.

అక్టోబర్ 20. విజయదశమి

ఎలా రాయను! ఇంకా చెవుల్లో మోత.

సాయంత్రం అత్తయ్యే అంది — "చూడను. సందు చివర నిలబడి వింటా. వినడం తప్పని ఎవరూ చెప్పలేదు." సందు చివరి నుంచి కిళ్ళీ కొట్టు దాకా. కొట్టు దగ్గర సరిగ్గా వినపడటం లేదని ఇంకో నాలుగడుగులు. అలా అలా వన్ టౌన్ నడి వీధిలో తేలాం!

మేడల నిండా సీరియల్ లైట్లు. తలల మీద పెట్రోమాక్సులు. పొడవాటి కర్రల మరగాళ్ళ మీద నడిచేవాళ్ళు మేడ మీది వాళ్ళతో కబుర్లు చెబుతున్నారు. మీసాలున్న ఆడవేషం ఒకడు రత్నం బుగ్గ గిల్లిపోయాడు. పసుపు రంగు పూసుకున్న పులులు — ఆ వార్నీషు వాసన! నేను నోరు వెళ్ళబెట్టి చూస్తుంటే ఎవరో అందులో పూలరేకులు చల్లారు. ఎంత హాయిగా ఉందో! ఈ వయసులో, టీచరమ్మనై ఉండి, నాక్కూడా ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇంతలో కేక. అత్తయ్య పులి తోక మీద నిలబడి ఉంది.

"అమ్మా! తోక ఊడొస్తది, కాలు తియ్యి!"

"అయ్యో నాయనా, చూసుకోలేదు."

"ఏ ఊరమ్మా మీది?… పేట దగ్గరా! మాది నరసరావుపేటేగా! నన్ను మస్తానంటారు. తోక తొక్కినోళ్ళని ఊరికే వదలం. రెండు అడుగులెయ్యాల్సిందే!"

జనం ఈలలు. డప్పులవాళ్ళు చుట్టూ మూగారు. అత్తయ్య తల అడ్డంగా ఊపుతోంది. తలతో పాటు భుజం ఊగింది. తర్వాత రెండో భుజం. కొంగు నడుముకి దోపింది… ఇక చూడాలి! పులి అలిసిపోయి పక్కన కూర్చున్నాడు, అత్తయ్య ఆగలేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది. ఆమె నోట్లో అన్ని పళ్ళున్నాయని పెళ్ళయినప్పటి నుంచీ నాకు తెలియనే తెలియదు. నా కాళ్ళూ కదిలాయి. కొంచెం.

అప్పుడే చూశా. బజ్జీల బండి దగ్గర, అట్ట కిరీటం పెట్టుకుని, బూర ఊదుతూ — మా దేవసహాయం గారు! ఆయన కళ్ళు, అత్తయ్య కళ్ళు కలిశాయి. బూర నోట్లోనే ఉంది, మోత ఆగిపోయింది. మరుక్షణం ఆయన లేరు.

అక్టోబర్ 21

అత్తయ్య మోకాళ్ళకి ఆముదం రాసుకుంటూ — "నొప్పులే. ఎంత బాగుందో!" అని తనలో తనే నవ్వుకుంది. మధ్యాహ్నం మాత్రం — "ఇక నాకు బల్ల ఉండదేమోనే."

అక్టోబర్ 24

మా ఊరొచ్చేశాం. దేవసహాయం గారు దొంగకి తేలు కుట్టినట్టు తిరుగుతున్నారు. చీకటి పడుతుండగా దొడ్డి దారిన వచ్చారు. "వదినా, నువ్వు నన్ను చూడలేదు, నేను నిన్ను చూడలేదు. సరిపోయింది."

"చూశాంగా."

"ఎవరికి తెలుసని?"

"నాకు తెలుసు. నీ సంగతి నా నోట రాదు, భయపడమాక. నా సంగతి నేను చెప్పుకుంటా."

నవంబర్ 2

కలుపుకి వెళ్ళొచ్చి అత్తయ్య కూర వండుతూ గరిటెతో గిన్నె మీద దరువేసింది. నన్ను చూసి ఆపింది. "కానివ్వండి అత్తయ్యా" అన్నా. మళ్ళీ వేసింది!

నవంబర్ 6, ఆదివారం. బల్ల రోజు

మొదటి గంట కొట్టారు. అత్తయ్య తెల్ల మంగళగిరి చీర కట్టింది. రాత్రంతా దొర్లుతూనే ఉంది, పక్క గదిలోకి వినపడింది.

"పాపం ఒప్పుకోండని పాస్టరయ్యగారు అడిగినప్పుడు లేస్తా" అంది జడ అల్లుకుంటూ.

"తప్పయిందని చెబితే సరిపోతుంది అత్తయ్యా. ఒక నెల ఆపి మళ్ళీ ఇస్తారు."

"తప్పయిందని ఎట్టా చెప్పనే? ఆడానని చెబుతా. నాన్న గుర్తొచ్చాడని చెబుతా. సంతోషమైందని చెబుతా. దేవుడి ముందు అబద్ధమాడి రొట్టె తింటే గొంతు దిగుతుందా?"

తప్పని ఒప్పుకోకపోతే ఎన్నాళ్ళు ఆపుతారో ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పిన్ను పెట్టుకుని బైబిలు చేతికి తీసుకుంది.

నేనూ లేవాలా? నేనూ ఆడానుగా. ఆదివారం బడిలో పిల్లలకి పాఠం చెప్పేదాన్ని… ఆ పని పోతుంది. ఆమె ఒక్కతే నిలబడితే మాత్రం నేను చూడలేను.

రెండో గంట. అత్తయ్య అప్పుడే వీధిలోకి వెళ్ళింది. "ఏమే, రావా?" అంటోంది —