మడికేరి ఘాటులో పొయ్యిరాళ్లు

అమ్మా, కారుకూ మాకూ ఏమీ కాలేదు, బెంగపడకు. పొద్దున మల్పె సముద్రంలో ఆడిన పిల్లలు కాళ్ల ఇసుక రాలకముందే మడికేరి మబ్బుల్లోకి వచ్చేశారు. కొండ ఎక్కుతున్నామో, నిద్రలోకి జారుతున్నామో తెలియలేదు.

నువ్వూ నాన్నా మట్టి మోసిన ఘాటు రోడ్డు ఇదే. మొదట్లోనే రాతి పలక నిలబెట్టారు. దాని మీద మంత్రి పేరుంది, కాంట్రాక్టరు పేరుంది, మోసినవాళ్ల జిల్లా పేరైనా లేదు. నేను దిగి అరుస్తుంటే రేఖ, "రాయితోని ఏం లొల్లి నీకు? అత్తమ్మ చెప్పిన మలుపు ఏడుందో చూడు" అంది.

నీళ్లు దుంకే చోటు పక్కన మీ గుడిసెల మలుపు దొరికింది. అక్కను అక్కడే పూడ్చి, నక్కలు తవ్వకుండా పైన మన పొయ్యిరాళ్లు పెట్టి వచ్చామని ఒక్కసారే చెప్పావు. రోడ్డుకు పైనా రాళ్లే, కిందా రాళ్లే. అంతలో మంచు కమ్మి అన్నీ ఒకటైపోయాయి. చిన్నది బంతిపూలు పట్టుకుని, "అత్త నాకన్న పెద్దగుంటదా నాయినా?" అంది.

"లేదు బిడ్డా, నీకన్న చిన్నగుంటది."

బీపీ గోళీలు మానలేదు కదా? ఆత్మకూరు దవాఖానలో చూపించుకో. పత్తిలో గొర్రెలు పడకుండా కంప వేయించు.

ఫోనులో అడిగితే మాట తప్పిస్తావు, అందుకే కార్డు. చదివిపెట్టే ప్రేమలతతోనే ఫోను చేయించు. జవాబు వచ్చేదాకా మడికేరి వదలను, సెలవు పెట్టేశాను. నీ ప్రార్థనలో పిల్లలను తలుచుకో. ఏడవకుండా ఒక్క మాట చెప్పు: రోడ్డుకు పైనా, కిందా?

నీ ఇమ్మానుయేల్