నా మౌస్ నేను తెచ్చుకున్నాను

మేనేజరుగారికి, బిల్లులు ఎక్కించే సెక్షన్ నుంచి నమస్కారాలు.

మణికట్టు నొప్పితో నేను మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేకపోతుంటే, మా అక్క నిలువుగా పట్టుకునే మౌస్ కొని పంపింది. అది చూసి మీరు అందరి ముందూ, "ఇదేంటమ్మా, తాబేలుకి తోక మొలిచిందా?" అన్నారు. జీతాలు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి అందరూ పడీపడీ నవ్వారు. మర్నాడు మీరే "నాకూ చెయ్యి నొప్పే, ఒకసారి చూసి ఇస్తా" అని పట్టుకెళ్ళారు. మీ చెయ్యి నయమైందట, సంతోషం. నాది మళ్ళీ వాచింది.

నిన్న అడగడానికొస్తే, "ఇది లేకపోతే నాకు చెయ్యి లాగేస్తుందమ్మా. నువ్వు చిన్నదానివి, ఓర్చుకోగలవు" అన్నారు. వెనక్కొచ్చి పాత మౌస్‌తోనే బిల్లులు ఎక్కించాను. సాయంత్రం మా పాపకి జడ వేయబోతే దువ్వెన చేతిలోంచి జారిపోయింది. "పోనీలే అమ్మా, నాన్నని వేయమంటాను" అంది. అక్కడితో నా ఓర్పు అయిపోయింది.

అందుకే మీరు మీటింగులో ఉండగా వచ్చి నా మౌస్ తెచ్చేసుకున్నాను. దాని చోట ఈ ఉత్తరం పెట్టాను. మీరూ ఒకటి కొనుక్కోండి. మోచేతిని బల్లకి ఆనించి, పిట్టని పట్టుకున్నట్టు మెత్తగా పట్టుకోండి. స్టాఫ్ పీక పట్టుకున్నట్టు పట్టుకుంటే ఏ మౌసూ మీకు కలిసిరాదు.

ఇట్లు,
చెయ్యి కుదుటపడబోతున్న
మీ ఉద్యోగిని