బోణీకి వచ్చిన మేకులు

కాకినాడ,
22-11-69

బాపుకు గండయ్య దండాలు. నేను, నీ కోడలు ఆండాళు బాగున్నాము, ఫికరు పెట్టుకోకు.

తుపానుకు దుకాణం రేకులు లేచిపోయాయి. తడిసిన రుమాళ్లను మంచినీళ్లలో జాడించి, వీధిలో తాడు కట్టి ఆరేశాను. నువ్వు వేసిన రంగు చుక్క కూడా దిగలేదు. ఆ తాడు కిందే బేరం మొదలుపెట్టాను. ముందుగా పోలయ్య అనే జాలరి వచ్చి తలకు రుమాలు అడిగాడు. అతని పడవ ముక్కలైంది, చేతిలో పైసా లేదు.

"బోణీ బేరం ఉద్దెర ఇయ్యొద్దంటడు మా బాపు" అన్నాను.

అతను వెళ్లి, పడవ చెక్కల నుంచి పీకిన మేకులు దోసెడు తెచ్చి పోశాడు. "ఈ మేకులు అట్టుకో బాబూ, ఊళ్లో ఎక్కడా దొరకట్లేదు" అన్నాడు. వాటితోనే రేకులు బిగించాను.

అవ్వ దగ్గు తగ్గిందా? తగ్గకుంటే నల్గొండ దవాఖానకు తీసుకపో. మగ్గం మీది రుమాళ్లు అయిపోయాయా? దుకాణం మూసి వచ్చెయ్యమన్నావు. ఇప్పుడే రాలేను. అందరికీ దండాలని చెప్పు.

ఈసారి రుమాళ్ల మూటలో రెండు కిలోల పెద్ద మేకులు పెట్టి పంపు. పోలయ్య కొత్త పడవ మొదలుపెట్టాడు. అతని మేకులన్నీ మా దుకాణం కప్పులో ఉన్నాయి.

నీ కొడుకు
గండయ్య